హ్యామర్ గన్: పేరు ఒకరిది, పని పదిమందిది

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూస్తాం. ఖంగున మోగితే తీసుకుంటాం, బొంగురుగా పలికితే పక్కన పెడతాం. నూటనలభై ఏళ్ల నాటి ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్ తుపాకీని పరీక్షించేవాళ్లు కూడా మొదట చేసేది అదే. బ్యారెళ్ల జతను మిగతా తుపాకీ నుంచి విడదీసి, కింద ఉండే కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి, చిన్న కర్రముక్కతో మెల్లగా తడతారు. రెండు గొట్టాలనూ కలిపి ఉంచే పట్టీల టంకం గట్టిగా ఉంటే గుడి గంటలా మోత కాసేపు నిలుస్తుంది. ఎక్కడైనా టంకం ఊడి ఉంటే చచ్చు శబ్దం వస్తుంది. పైన ఎంత మెరిసినా సరే, చెవికి దొరికిపోతుంది.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తేడాయే. పాత హ్యామర్ గన్‌ని, అంటే సుత్తులు బయటికి కనబడే అలాంటి తుపాకీని, బాగుచేశాం అని ఎవరైనా ఫొటోలు పెడితే అందరి కళ్లూ చెక్క మెరుపు మీద, బ్యారెల్ మీది అలల గీతల మీద, నగిషీ మీద పడతాయి. అవి అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఆ తుపాకీలో అసలు పనితనం కంటికి ఆనని చోట, అంగుళంలో వెయ్యో వంతు లెక్కల్లో దాగి ఉంటుంది. బాగుచేయడమంటే ఆ చోటును బాగుచేయడం. అది అర్థం కావాలంటే ముందు ఈ తుపాకీ అసలు ఎందుకు ఇలా తయారైందో చూడాలి.

సుత్తులు బయట ఎందుకున్నాయి

తూటా పేలాలంటే దాని అడుగున ఉన్న చిన్న క్యాప్‌ని గట్టిగా కొట్టాలి. హ్యామర్ గన్‌లో కొట్టే సుత్తులు రెండూ తుపాకీకి అటూ ఇటూ చెవుల్లా బయటికే నిలబడి ఉంటాయి. బొటనవేలితో వెనక్కి లాగితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి ముందుకు పడి చిన్న పిన్నును కొడుతుంది, ఆ పిన్ను క్యాప్‌ని కొడుతుంది. తుపాకీ పేలడానికి సిద్ధంగా ఉందో లేదో పది అడుగుల దూరం నుంచి చూసినా తెలుస్తుంది. లోపల సుత్తులు దాచుకున్న తర్వాతి తుపాకుల్లో ఈ సదుపాయం లేదు.

19వ శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండ్‌లో వేట తుపాకీని మూతి వైపు నుంచే నింపేవారు. మందు పోసి, అట్ట బిళ్ల పెట్టి, సీసపు రవ్వలు పోసి, మళ్లీ బిళ్ల పెట్టి, కడ్డీతో కూరాలి. 1851లో లండన్ హైడ్ పార్కులో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగినప్పుడు పారిస్‌కు చెందిన లెఫోషే తుపాకీని అక్కడ ప్రదర్శనకు పెట్టారు. అది మధ్యలో కీలు మీద వంగి, వెనక నుంచి తయారు తూటాను తీసుకునేది. లండన్‌లో చాలామంది తుపాకీ తయారీదారులు పెదవి విరిచారు. జోసెఫ్ లాంగ్ మాత్రం ఆ పద్ధతిని అందిపుచ్చుకుని తుపాకులు చేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాతి పాతికేళ్లలో ఇంగ్లిష్ తుపాకీ మారినంత వేగంగా దానికి ముందు గానీ వెనక గానీ మారలేదు. లెఫోషే తూటాకు పక్కనుంచి ఒక పిన్ను పొడుచుకుని ఉండేది. 1861లో జార్జ్ డా అనే లండన్ తయారీదారు అడుగున నడిమధ్య క్యాప్ ఉండే తూటాను తెచ్చాడు. ఇవాళ్టి షాట్‌గన్ తూటాకు మూలరూపం అదే.

వెనక నుంచి నింపే తుపాకీతో ఒక పెద్ద చిక్కు ఉంది. మధ్యలో వంగే వస్తువును, లోపల మందు మండి అన్ని వైపులా తోసే ఆ క్షణంలో, గట్టిగా మూసి ఉంచేదేమిటి? దీనికి దొరికిన ఒక్కొక్క జవాబూ ఒక్కొక్క పేటెంటు. 1859లో బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ జోన్స్ కింద ఒక పొడుగాటి మీట పెట్టాడు. దాన్ని పక్కకు తిప్పితే బ్యారెల్ కింది దిమ్మలోని గాట్లు మరమేకులా బిగుసుకుంటాయి. చాలా బలమైన పద్ధతి, కానీ నిదానం. ఆ పేటెంటు 1862లోనే కాలం చెల్లిపోవడంతో ఎవరైనా వాడుకోగలిగారు, వాడుకున్నారు కూడా. 1863లో లండన్ తయారీదారు జేమ్స్ పర్డీ (అదే పేరున్న తండ్రికి కొడుకు) బ్యారెల్ కింద ఉన్న రెండు దిమ్మల్లోకి ముందుకూ వెనక్కూ జారే బల్లపరుపు గడియను పేటెంటు చేశాడు. స్ప్రింగ్ దాన్ని తోస్తూ ఉంటుంది కాబట్టి బ్యారెల్ మూస్తే చాలు, మన ఇంటి తలుపు గడియలా దానంతట అదే పడుతుంది. 1865లో విలియం మిడిల్‌డిచ్ స్కాట్ తుపాకీ పైన బొటనవేలి కింద ఒక మీట పెట్టి, దాన్నుంచి నిలువుగా ఒక ఇరుసు దించి, కింద ఉన్న గడియను నడిపించే ఏర్పాటు చేశాడు. పర్డీ గడియ, స్కాట్ ఇరుసు, ఈ రెండూ కలిశాక కథ దాదాపు ముగిసింది. ఇవాళ ఏ దేశంలో చేసిన పక్కపక్క బ్యారెళ్ల తుపాకీ చూసినా ఆ జంటే కనబడే అవకాశం ఎక్కువ.

ఇంకో చిక్కు ప్రాణాలకు సంబంధించింది. సుత్తిని, స్ప్రింగ్‌ను ఒక పలక మీద కూర్చిన యంత్రభాగాన్ని లాక్ అంటారు. తొలినాళ్ల లాక్‌లో సుత్తి పడ్డాక పిన్నును నొక్కుతూ అక్కడే ఉండిపోయేది. పిన్ను మొన పేలిన క్యాప్‌లో దిగబడి ఉంటుంది కాబట్టి, సుత్తిని వెనక్కి సగం లాగితే గానీ తుపాకీ తెరుచుకోదు. అంతకంటే ప్రమాదం, సుత్తులు కిందికి ఉండగా తూటాలు పెట్టి మూస్తే పిన్ను మొన నేరుగా క్యాప్ మీద ఆనుతుంది. 1867లో వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన జాన్ స్టాంటన్ దీనికి చేసిన ఏర్పాటు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టం. కొత్త భాగం ఏమీ చేర్చలేదు. ఉన్న స్ప్రింగ్ ఆకారాన్నే మార్చాడు. ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఉండే ఆ స్ప్రింగ్‌కు ఒక రెక్క సుత్తిని ముందుకు తోస్తుంది. సుత్తి దెబ్బ కొట్టిన మరుక్షణం రెండో రెక్క దాన్ని కొద్దిగా వెనక్కి నెడుతుంది. సుత్తి పిన్నును కొట్టి తనంతట తాను వెనక్కి వచ్చి, భద్రమైన చోట ఆగుతుంది. పాత తుపాకీ చేతికొచ్చినప్పుడు సుత్తి కిందికి ఉన్న స్థితిలో పిన్నుకూ దానికీ మధ్య సన్నటి సందు కనబడితే అది స్టాంటన్ తరహా లాక్ అని గుర్తుపట్టవచ్చు.

1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసే ఆన్సన్, డీలీ సుత్తుల్ని లోపలికి తీసుకెళ్లిన తుపాకీకి పేటెంటు పొందారు. అక్కడి నుంచి హ్యామర్ గన్ పాతబడింది. అంటే దాని మంచి కాలం పట్టుమని పాతికేళ్లు. అయినా కొందరు దాన్ని వదల్లేదు. ఇంగ్లండ్ రాజు ఐదో జార్జ్ పర్డీ హ్యామర్ గన్‌లే వాడేవాడు. మన బడి పుస్తకాల్లో స్థానిక స్వపరిపాలనకు పితగా చదువుకున్న రిప్పన్ ప్రభువు కొడుకు, రెండో రిప్పన్ ప్రభువు, ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పేరుమోసిన గురికాడు. ఆయనా పర్డీ హ్యామర్ గన్‌లనే పట్టుకున్నాడు. 1923లో చనిపోయేనాటికి ఆయన చేతిలో చచ్చిన పక్షులు, జంతువుల లెక్క ఐదున్నర లక్షలు దాటింది. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ తుపాకీ పనితనాన్ని మెచ్చుకోవడానికి ఆ వేటను మెచ్చుకోనక్కర్లేదు.

లాక్ మీది పేరు ఎవరిది

తుపాకీ పక్క పలక మీద ఒక పేరు చెక్కి ఉంటుంది. ఆ పేరుగల మనిషి కూర్చుని దాన్ని చేశాడనుకుంటాం. నిజానికి చాలా తుపాకుల్ని ఆ పేరుగలవాడు ముట్టుకోకపోయినా ఆశ్చర్యం లేదు. గొట్టం కాచి చుట్టేవాడు ఒకడు, లోపల తొలిచేవాడు ఒకడు, ఆకురాయితో బయట అరగదీసేవాడు ఒకడు. లాక్ చేసేవాడు, కీలూ గడియా అమర్చేవాడు, చెక్క కూర్చేవాడు, నగిషీ చెక్కేవాడు, బ్యారెల్‌కు రంగు పట్టించేవాడు, చివర్లో కాల్చి చూసి రవ్వలు సమంగా పడేలా సరిదిద్దేవాడు, అందరూ వేరువేరు. బర్మింగ్‌హామ్‌లో సెయింట్ మేరీ చర్చి చుట్టూ ఉన్న గన్ క్వార్టర్‌లో ఈ పనులన్నీ వీధికొకటిగా, పెరటికొకటిగా నడిచేవి. ఒక తుపాకీ పూర్తయ్యేలోపు కుర్రాళ్ల చేతుల్లో ఎన్నో గడపలు తొక్కేది. మంచి లాక్‌లు కావాలంటే లండన్ పెద్ద కంపెనీలు కూడా వుల్వర్‌హాంప్టన్ వైపే చూసేవి. అక్కడి జోసెఫ్ బ్రేజియర్ లాక్‌కు ఎంత పేరంటే, పైన లండన్ పేరున్నా పలక లోపలివైపు బ్రేజియర్ ముద్ర ఉంటే తుపాకీ విలువ పెరిగేది.

ఇది మనకూ తగిలే విషయం. కలకత్తాలోని మాంటన్ కంపెనీ, మద్రాసు మౌంట్ రోడ్డులో గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు తుపాకుల్ని తమ పేరుతో అమ్మేవి. ఆంధ్ర, నిజాం ప్రాంతాల జమీందారీ ఇళ్లలో అలాంటి పేర్లున్న తుపాకులు కనిపిస్తే, అవి మద్రాసులోనో కలకత్తాలోనో పుట్టాయని అనుకోకూడదు. చాలావరకు బర్మింగ్‌హామ్ పెరళ్లలో పుట్టి, ఓడెక్కి, ఇక్కడి పేరు తగిలించుకున్నవే. అసలు పుట్టుక తెలియాలంటే బ్యారెల్ విప్పి కిందివైపు చూడాలి. అక్కడ ప్రూఫ్ హౌస్ ముద్రలుంటాయి.

ప్రూఫ్ హౌస్ అంటే బ్యారెల్‌ను మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి కాల్చి, పగలకపోతే ముద్ర వేసే సంస్థ. లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లో రాజపట్టా దొరికింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఈ ముద్రల్ని చదవడం వస్తే తుపాకీ జాతకం చేతికొచ్చినట్టే. గుండు వాడవద్దు అనే అర్థం వచ్చే 'నాట్ ఫర్ బాల్' అన్న మాటలుంటే అది 1875కూ 1887కూ మధ్య ముద్రపడ్డ బ్యారెల్, మూతి దగ్గర కాస్త ఇరుకు చేసినది. ఆ మాటల స్థానంలో 'చోక్' అని ఉంటే 1887 తర్వాతిది. కిరీటం కింద ఎన్‌పి అనే అక్షరాలుంటే 1904 తర్వాత ఆధునిక నైట్రో (పొగ రాని) మందుకు పరీక్ష పాసైంది. పర్డీ తుపాకీ మీద చిరునామా 314½ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అని ఉంటే, కంపెనీ సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు మారకముందు, అంటే 1880ల తొలి ఏళ్లకు ముందు చేసినదని లెక్క.

డమాస్కస్ అంటే మన కోనసముద్రం ఉక్కేనా

పాత హ్యామర్ గన్ బ్యారెల్ మీద సన్నటి మెలికలు, వలయాలు కనిపిస్తాయి. దాన్ని డమాస్కస్ బ్యారెల్ అంటారు. ఆ పేరు వినగానే తెలుగువాళ్లలో చాలామందికి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం గుర్తొస్తుంది. అక్కడ మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది, దానితో డమాస్కస్ కత్తులు చేసేవారు. 1820ల్లో అక్కడికి వెళ్లిన హెన్రీ వోయిసీ ఆ పని చూసి రాశాడు, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారిని కూడా కలిశాడు. ఇంగ్లిష్‌లో వూట్జ్ అనే మాట మన 'ఉక్కు' నుంచే పోయిందని పండితులు చెబుతారు. ఇదంతా నిజం, గర్వపడాల్సిన నిజం. కానీ తుపాకీ బ్యారెల్ మీది డమాస్కస్ ఇది కాదు. రెండూ ఒకటే అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త ఆగి చెప్పుకోవాలి.

కోనసముద్రం ఉక్కులో గీతలు లోపలి నుంచి పుడతాయి. కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కు మూసలో మెల్లగా చల్లారేటప్పుడు దానిలోపలి పలుకులు పేరుకునే తీరు, తర్వాత కమ్మరి దాన్ని సాగగొట్టే తీరు, ఈ రెండూ కలిసి ఆ నీటి అలలు వస్తాయి. బ్యారెల్‌లో గీతలు మనిషి అల్లినవి. మెత్తటి ఇనుప పట్టీలు, ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కొలిమిలో కాచి, ఒకే కడ్డీగా అతికేలా కొడతారు. ఆ కడ్డీని ఎర్రగా కాచి, ఒక కొన బిగించి, రెండో కొనను తాడు పేనినట్టు మెలి తిప్పుతారు. అలాంటి కడ్డీలు మూడు పక్కపక్కన పెడతారు. నడుమ దాని మెలిక పక్కవాటికి ఎదురు దిశలో ఉండాలి. మూడింటినీ కలిపి అతికితే ఒక పట్టీ వస్తుంది. దాన్ని గుండ్రటి ఇనుప కడ్డీ చుట్టూ రిబ్బన్ చుట్టినట్టు చుట్టి, అంచులు కాచి, నిలువునా దాగలి మీద దబదబ పోటువేసి, సమ్మెటలతో చుట్టూ కొట్టి, ఆ అంచులన్నీ ఏకం చేస్తారు. అప్పుడు గొట్టం. ఆ తర్వాత లోపల తొలచాలి, బయట చెక్కాలి. మొదట పెట్టిన లోహంలో చాలా భాగం కొలిమిలో పొట్టుగా, తొలిచిన రజనుగా పోతుంది. ఆ చుట్టలో గోరంత అతుకు వదిలినా బ్యారెల్ పనికిరాదు.

ఇంత శ్రమ అందం కోసం కాదు. ఆ కాలపు ఇనుములో మలినం పొరలు ఉండేవి. నిలువు పట్టీని గొట్టంలా వంచి అతికితే ఆ అతుకు నిలువునా ఉంటుంది, పేలినప్పుడు అక్కడే చీలుతుంది. చుట్టలా చుట్టితే పీచు గొట్టం చుట్టూ తిరిగి, లోపలి ఒత్తిడిని అడ్డుకుంటుంది. అందం వెనకనే వచ్చింది. ఇలాంటి బ్యారెళ్లు బలహీనమని ఇవాళ చాలామంది నమ్ముతారు. 1880ల చివర్లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ రకరకాల బ్యారెళ్లను పోటీగా పరీక్షించినప్పుడు మూడు కడ్డీల ఇంగ్లిష్ లామినేటెడ్ బ్యారెల్ (ఇదే తరహాలో చుట్టి చేసిన రకం) ముందు వరసలో నిలిచింది. భయపడాల్సింది డమాస్కస్ అనే పేరుకు కాదు, నూరేళ్లకు పైగా లోపల తిన్న తుప్పుకు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లండ్‌లో ఈ కొలిములు ఆరిపోయాయి. అందుకే బాగుచేసేవాడికి ఈ విషయం అన్నిటికంటే ముఖ్యం: ఆ గొట్టం గోడలో ఇవాళ మిగిలి ఉన్న మందమే ఉన్నది. పోయిన దాన్ని తెచ్చి పెట్టలేరు.

వెయ్యో వంతు లెక్కలు

12 బోర్ అంటే ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే అందులో ఒక గుండు వ్యాసం, 0.729 అంగుళాలు. గొట్టం గోడ తూటా ఉండే వెనకవైపు మందంగా ఉండి, మూతివైపు పోయేకొద్దీ పలచబడుతుంది. ఒత్తిడి వెనకే ఎక్కువ కాబట్టి అలా చేస్తారు. బాగా పలచని చోట కూడా అంగుళంలో 20 వేలవంతులు మిగిలి ఉండాలని పనివాళ్లు చూసుకుంటారు. అంటే అర మిల్లీమీటరు. మన జేబులో ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఆ కార్డుకంటే పలచని ఇనుము అవతల నిప్పు, ఇవతల మన ఎడమచేయి.

ఈ మాట మనసులో పెట్టుకుని చూస్తే, లోపల తుప్పు గుంటలు కనబడగానే అద్దంలా నున్నగా చేయించాలన్న ఆత్రం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. గుంట పోవాలంటే దాని లోతు వరకు చుట్టూ ఉన్న మంచి ఇనుమును కూడా తోడేయాలి. బ్రిటన్ ప్రూఫ్ లెక్కలో ముద్రించిన కొలతకంటే లోపలి వ్యాసం సుమారు 10 వేలవంతులు మించితే ఆ బ్యారెల్ ప్రూఫ్ కోల్పోయినట్టు. దాన్ని మళ్లీ పరీక్ష చేయించకుండా అక్కడ అమ్మడం 1868 నాటి చట్టం ప్రకారం నేరం. కాబట్టి మంచి పనివాడు నాలుగు గుంటలు వదిలేస్తాడు. లోపల అద్దంలా మెరిసే నూరేళ్ల బ్యారెల్ చూస్తే నాకు సంతోషం కాదు, అనుమానం కలుగుతుంది. ముందు గోడ మందం కొలిచారా అని అడగాలనిపిస్తుంది. గోడ పలచబడిపోయిన తుపాకీకి ఇంకో దారి ఉంది. వెనకభాగం మూడు అంగుళాల మేర ఉంచి, ముందు గొట్టాలు కోసేసి, కొత్త ఉక్కు గొట్టాలు దూర్చి అతుకుతారు. తుపాకీ బతుకుతుంది, డమాస్కస్ పోతుంది. అలా చేసినట్టు బ్యారెల్ మీద ముద్ర వేయడం తప్పనిసరి.

తర్వాతిది కీలు. వేలసార్లు తెరిచి మూసిన తుపాకీలో కీలు సీల అరిగి, బ్యారెల్ వెనక ముఖానికీ దాన్ని ఆనుకునే గోడకూ మధ్య సందు వస్తుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సన్నటి గీతలా కనబడుతుంది. నాసిరకం పనివాడు కింది దిమ్మను సుత్తితో కొట్టి సాగదీసి, ఆ గీత కనబడకుండా చేస్తాడు. కొన్ని వందల తూటాల్లో మళ్లీ వస్తుంది. సరైన పద్ధతి, కొంచెం పెద్ద సీల కొత్తగా చేసి వేయడం, లేదా కొక్కెం అరిగిన చోట కొత్త లోహం అమర్చడం. ఆ రెండు ముఖాలు ఎక్కడ తగులుతున్నాయో చూడడానికి ఇప్పటికీ వాడేది దీపపు మసి. ఒక ముఖానికి మసి పట్టించి మూసి తెరిస్తే తగిలినచోట మచ్చ పడుతుంది. ఆ మచ్చను సన్న ఆకురాయితో ఒక్క గీత తీస్తారు, మళ్లీ మసి. ముఖమంతా సమంగా మచ్చ పడేదాకా ఇదే పని. చెక్కలో లాక్ పలకను దూర్చడానికీ ఇదే మసి, ఆకురాయి స్థానంలో ఉలి. మంచి తుపాకీలో లాక్ విప్పి చూస్తే చెక్క లోపల ఇనుము ఆకారం మైనంలో ముద్ర వేసినట్టు ఉంటుంది. విప్పితే తప్ప ఎవరూ చూడని చోటు అది.

లాక్ లోపల సుత్తి ఇరుసుకు రెండు గాట్లుంటాయి, సగం, పూర్తి. ట్రిగ్గర్‌కు కలిసిన చిన్న ముక్కు ఆ గాట్లో పడి సుత్తిని ఆపుతుంది. ఆ ముక్కు అంచు కొద్దిగా గుండ్రబడినా కుదుపుకు తుపాకీ పేలవచ్చు. బాగుచేసేటప్పుడు ఆ కోణాన్ని నూలుపోగంత మార్చినా ట్రిగ్గర్ నొక్కడానికి కావలసిన బలం మారిపోతుంది. అందుకే అక్కడ చేయి పెట్టేవాళ్లు తక్కువ. ఇక మరమేకులు. ఇంగ్లిష్ మేలిరకం తుపాకీలో మరమేకుల తలమీది గాట్లు గోరుతో గీసినంత సన్నగా, అన్నీ తుపాకీ పొడవు వైపే తిరిగి ఉంటాయి. బజారు స్క్రూడ్రైవర్ వాటిలో పట్టదు. పట్టించాలని చూస్తే తల చిట్లుతుంది. చిట్లిన మరమేకులున్నాయంటే లోపల తెలియని చేయి పడిందని అర్థం. పనివాళ్లు ఒక్కొక్క గాటుకు సరిపోయేలా స్క్రూడ్రైవర్ మొన అరగదీసుకుంటారు.

చెక్క అక్రోటుది. పట్టు దగ్గర సన్నగా ఉండే చోట పీచు తిన్నగా సాగాలి, భుజానికి ఆనే మడమ దగ్గర మాత్రం అందమైన వంకరలు ఉండొచ్చు. నూరేళ్లు లాక్‌లకు పోసిన నూనె చెక్కలోకి ఇంకి దాన్ని మెత్తగా, నల్లగా చేసేస్తుంది. సుద్దపొడి పట్టించి మెల్లగా వెచ్చబెడితే ఆ నూనె పైకి వచ్చి పొడిలో ఇంకుతుంది. రోజుల తరబడి చేయాలి. తర్వాత అవిసె నూనె, చుక్క చుక్కగా, అరచేత్తో వేడి పుట్టేలా రుద్దుతూ. ఎర్రదనానికి అల్కనెట్ వేరు వాడతారు, మన దుకాణాల్లో రతన్‌జోత్ పేరుతో అమ్మే వేరుకు దగ్గరిది. ఒక్కపూటలో వార్నిష్ కొడితే ఇంతకంటే మెరుస్తుంది, కానీ చెక్కమీద ప్లాస్టిక్ పొర పరిచినట్టు ఉంటుంది.

బ్యారెల్ రంగు అన్నిటికంటే విచిత్రమైన పని, ఎందుకంటే అక్కడ తుప్పే పనిముట్టు. ముందు జిడ్డు పూర్తిగా పోవాలి, వేలిముద్ర పడినా మచ్చ మిగులుతుంది. ఆమ్లపు ద్రావణం పలచగా పూసి తేమ గదిలో పెడితే సన్నటి తుప్పు పడుతుంది. మరిగే నీళ్లలో ముంచి, మెత్తటి తీగ బ్రష్‌తో రాస్తారు. మళ్లీ పూత, మళ్లీ తుప్పు, మళ్లీ నీళ్లు. ఇనుము ఒకలా, ఉక్కు ఒకలా తుప్పు పడతాయి కాబట్టి ఒక్కో పూతకూ దాగిన గీతలు కాస్త కాస్త తేలతాయి. వర్క్‌షాపుల్లో గంటలో నలుపెక్కించే వేడి కాస్టిక్ తొట్టెలు ఉన్నాయి. ఈ బ్యారెళ్లను అందులో ముంచకూడదు. తగరపు టంకాన్ని కాస్టిక్ తినేస్తుంది, పట్టీలు ఊడిపోతాయి. మొదట చెప్పిన ఆ గంట మోత అక్కడితో ఆగిపోతుంది.

నగిషీ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అరిగిన నగిషీని మళ్లీ చెక్కించకూడదు. అసలు గీతలో కొత్త ఉలి ఎంత జాగ్రత్తగా నడిచినా పాత చేతి వాలు పోతుంది. గచ్చకాయ రంగుకు తిరిగిన ఉక్కు, అరిగిన ఆకులూ పూలూ, అవి ఆ తుపాకీ వయసు. పైన మెరుగు పెట్టే చక్రం తిప్పినవాళ్లు నగిషీతోపాటు ప్రూఫ్ ముద్రలు కూడా చెరిపేస్తారు, జాతకం చింపేసినట్టు.

సరిపోయిందనిపించే తూటా

ఇదంతా సరిగ్గా చేసిన తుపాకీకి కూడా ఒక ఉచ్చు మిగిలే ఉంటుంది. పాత 12 బోర్ తూటా గది పొడవు సాధారణంగా రెండున్నర అంగుళాలు, 65 మిల్లీమీటర్లు. ఇవాళ ఎక్కువగా దొరికే తూటా 70 మిల్లీమీటర్లది. పెట్టి చూస్తే సులువుగా దూరుతుంది, మూసుకుంటుంది. ఎందుకంటే తూటా మీద రాసేది పేలి, ముడుచుకున్న మూతి విప్పుకున్న తర్వాతి పొడవు. పేలిన క్షణంలో ఆ మూతి గది దాటి గొట్టం ఇరుకయ్యే చోట విప్పుకుంటుంది, దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. దానికితోడు బ్లాక్ పౌడర్‌కు, అంటే పాతకాలపు నల్లటి తుపాకీ మందుకు, మాత్రమే పరీక్షపడ్డ తుపాకీ అయితే ఆధునిక తూటా అసలు వాడకూడదు. సరిపోయినట్టే అనిపించడం వల్లే ఇది ప్రమాదం.

బరువు కూడా ఇందుకే ఒక లెక్కలో ఉండేది. బర్మింగ్‌హామ్ తయారీదారు గ్రీనర్ చెప్పిన సూత్రం ప్రకారం తుపాకీ బరువు అందులో పెట్టే సీసపు రవ్వల బరువుకు 96 రెట్లు ఉండాలి. ఔన్సుకు ఆరు పౌన్లు. అంతకంటే తేలికైతే భుజం మీద దెబ్బ తట్టుకోలేం, బరువైతే రోజంతా మోయలేం.

మన రాష్ట్రాల్లో తాతల నాటి హ్యామర్ గన్ ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అందుకే ఇవి ఎక్కువగా జమీందార్లు, దేశ్‌ముఖ్‌లు, అధికారుల ఇళ్లలోనే చేరాయి. పాతది కదా అని చట్టం వదిలేయదు. 1959 చట్టం ప్రకారం మినహాయింపు దొరకాలంటే అది మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరానిదై ఉండాలి. పనిచేసే హ్యామర్ గన్‌కు లైసెన్సు ఉండాల్సిందే. ఒక మనిషి దగ్గర ఉండగల ఆయుధాల సంఖ్యను 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది.

లైసెన్సు సరిగా ఉండి, అలాంటి తుపాకీ మీ ఇంట్లో ఉంటే, దీపావళికి ముందు ఇత్తడి సామాన్లతో కలిపి దాన్ని తోమించకండి. ఖాళీగా ఉందో లేదో లైసెన్సున్న గన్‌స్మిత్ చేత చూపించి, బ్యారెల్ విప్పించి, కిందివైపు ముద్రల్ని పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీయించండి. మరమేకుల జోలికి ఎవరినీ పోనివ్వకండి. గోడ మందం కొలిపించేదాకా అందులో తూటా పెట్టకండి.